చిరిగినవి, పోయినవి: శాఖా గ్రంథాలయంలో కొత్త నవలల చరిత్ర

మా అమ్మ ఏనాడూ గ్రంథాలయం గడప తొక్కలేదు. కానీ మా ఊరి శాఖా గ్రంథాలయానికి వచ్చిన నవలల్లో ఆమె చదవనిది ఉందని నేననుకోను. 1970ల మొదట్లో, నాకు పదేళ్లప్పుడు, వారానికి రెండుసార్లు నేను బడినుంచి రాగానే గుడ్డసంచిలో చదివేసిన పుస్తకాలు పెట్టి చేతికిచ్చేది. "కొత్తవేమైనా వచ్చాయేమో అడుగు. చదివినవే మళ్లీ తేకు" అనేది. సంచిలో ఒక మడతపెట్టిన చీటీ కూడా ఉండేది. అందులో పుస్తకాల పేర్లు ఉండవు, రచయిత్రుల పేర్లే. లత, రంగనాయకమ్మ, ద్వివేదుల విశాలాక్షి, యద్దనపూడి, మాదిరెడ్డి. ఎవరిదైనా సరే, కొత్తదైతే చాలు.

గ్రంథాలయం రెండు గదులు. ముందుగదిలో పొడవాటి బల్ల, దానిమీద దినపత్రికలు, చుట్టూ మగవాళ్లు. కొందరు చదివేవాళ్లు, కొందరు వాదించేవాళ్లు, ఒకరిద్దరు కునికిపాట్లు పడేవాళ్లు. వాళ్ల కుర్చీల వెనకనుంచి గోడవారగా నడిచి రెండోగదిలోకి వెళ్లాలి. అక్కడ బీరువాలు, లైబ్రేరియన్ గారి బల్ల. ఆయన పుస్తకాలు తిరగేసి, ఇష్యూ రిజిస్టరులో రాసుకుని, "మీ నాన్నకు నవలల పిచ్చి బాగానే ఉందే" అనేవారు. మా నాన్న జీవితంలో ఒక్క నవల చదవలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కార్డు నాన్న పేరు మీద ఉంది కాబట్టి రిజిస్టరులో పడేది నాన్న పేరే. ఇల్లు నాన్న పేరు మీద, ఇంటిపన్ను నాన్న పేరు మీద, ఆ పన్నుతో కలిపి కట్టే గ్రంథాలయ పన్నూ నాన్న పేరు మీదే. చదువు ఒక్కటే అమ్మది. దానికి మాత్రం ఎక్కడా రసీదు లేదు.

ఉద్యోగ విరమణ తర్వాత, స్త్రీల పఠనం గురించి ఏదైనా రాద్దామన్న ఆలోచనతో మళ్లీ ఆ గ్రంథాలయానికి వెళ్లాను. ఇప్పుడక్కడ లైబ్రేరియన్ ఒక యువతి. పాత రిజిస్టర్లు చూస్తానంటే ఆశ్చర్యపోయినా, అటకమీదనుంచి దింపించి దుమ్ము దులిపి ఇచ్చింది. ఇష్యూ రిజిస్టర్లు ఎప్పుడో పోయాయి. మిగిలినవి యాక్సెషన్ రిజిస్టర్లు, అంటే గ్రంథాలయంలోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ ఒక నెంబరు వేసి, రచయిత పేరు, పుస్తకం పేరు, వెల రాసుకునే పెద్ద పుస్తకాలు. నాలుగు రోజులు కూర్చుని అవే చదివాను. మొదట నేను చూసింది పేర్లనే. రెండోరోజుకి నా దృష్టి కుడివైపు చివర ఉన్న సన్నటి గడి మీద పడింది. రిమార్కుల గడి. అందులో ఎర్రసిరాతో మూడే మాటలు మళ్లీ మళ్లీ కనిపించాయి. చిరిగినది. పోయినది. రద్దు.

ఏ పుస్తకాలకు ఎదురుగా? పురాణాలు, జీవితచరిత్రలు, ఉపన్యాస సంపుటాలు, పంచవర్ష ప్రణాళికల పుస్తకాల ఎదుట ఆ గడి చాలావరకు ఖాళీ. ఎర్రసిరా అంతా నవలల దగ్గరుంది. అందులోనూ అమ్మ చీటీలో ఉండే పేర్ల దగ్గర మరీ ఎక్కువ. తర్వాత బీరువాల దగ్గరికి వెళ్లి చూస్తే, ఆ పాత రోజులనుంచి మిగిలి ఉన్న పుస్తకాలు ఎవరూ ముట్టుకోనివే. కాలికో అట్టలు బిగువు చెడకుండా, పేజీలు పచ్చబడి, చివరి పేజీలో అంటించిన గడువు చీటీ మీద ఒకటో రెండో తేదీలతో నిలబడి ఉన్నాయి. చదివినవి చదివినట్టే అరిగి, చిరిగి, లెక్కల్లోంచి పోయాయి. చదవనివి చరిత్రగా మిగిలాయి.

ఇది మా ఊరికే పరిమితమైన విషయం కాదనుకుంటాను. గ్రంథాలయంలో ఏవి మిగిలాయో చూసి ఒక తరం ఏం చదివిందో నిర్ణయిస్తే, స్త్రీలు చదివినదంతా లెక్కలోకి రాదు. రిజిస్టరులో పేరు భర్తదీ తండ్రిదీ, పుస్తకం చూస్తే చిరిగిపోయింది. ఇక ఆధారమేది? ఈ వ్యాసం ఆ చిరిగిన పుస్తకాల వైపునుంచి మన గ్రంథాలయాల చరిత్రను చూసే ప్రయత్నం.

తెలుగునాట గ్రంథాలయోద్యమం గొప్పది. అందులో సందేహం లేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయం వచ్చాయి. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు చోటే లేని రోజుల్లో అవి చేసిన పని తక్కువది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య, ఆ తర్వాత పాతూరి నాగభూషణం వంటివారు తమ జీవితాలనే దీనికిచ్చారు. కానీ ఈ చరిత్ర చెప్పే పుస్తకాల్లో స్త్రీలు కనిపించేది ఉద్ధరించవలసినవారుగానో, సభకు వచ్చిన అతిథులుగానో. తమకిష్టమైన పుస్తకం ఏరుకునే చదువరులుగా కాదు.

ఆ ఉద్యమానికి పునాది వేసినవారిలో ఒకరు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. ఆయన అక్క భండారు అచ్చమాంబ. ఆమె బడికి వెళ్లి చదువుకోలేదు, తమ్ముడి చదువు పక్కనుంచి తన చదువు సంపాదించుకుంది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది, కథలు రాసింది, 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది, 1905లోనే చనిపోయింది. మన గ్రంథాలయాల చరిత్రను తమ్ముడితోనే మొదలుపెట్టే అలవాటు మనది. అక్కతో మొదలుపెడితే స్త్రీ సమాజాల్లో స్త్రీలు కలిసి కూర్చుని చదవడం కూడా అందులో భాగమవుతుంది. 'హిందూసుందరి' వంటి పత్రికలు ఇంటింటికీ చేరడం కూడా ఆ చరిత్రలోకే వస్తుంది. 1930లో జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ జరగడమూ దాని కొనసాగింపే అవుతుంది.

నవల పట్ల మొదటితరం పెద్దలకు ఒక బెరుకు ఉండేది. 1883లో స్త్రీలకోసమే 'సతీహితబోధిని' పెట్టిన వీరేశలింగం గారికి స్త్రీ చదవాలనే ఉంది, కానీ ఏం చదవాలో చెప్పడం మాత్రం ఆయన పని. పేరులోనే హితబోధ ఉంది. 1906లో మొదలైన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్ర గ్రంథాలతో పాటు నవలల్నీ ప్రోత్సహించింది. అయితే వాటిలో ముందువరస చరిత్ర నవలలదే. దేశాభిమానం నేర్పితే నవల మంచిది. ఊరికే చదివి ఆనందించడానికైతే, ముఖ్యంగా ఆడది ఆనందించడానికైతే, అనుమానించదగినది. ఈ అనుమానం ఎంత లోతుగా ఉండేదో కొవ్వలి లక్ష్మీనరసింహారావు నవలల సంగతి చూస్తే తెలుస్తుంది. వెయ్యి నవలలు రాసిన మనిషి. రైల్వే స్టేషన్లలో చవకగా అమ్ముడుపోయిన ఆ చిన్న పుస్తకాలు దిండ్లకింద, బియ్యం డబ్బాల్లో దాగి వేలమంది ఇల్లాళ్లకు చదివే అలవాటు చేశాయి. వాటిని సాహిత్య చరిత్రకారులు పట్టించుకోలేదు. శరత్ నవలలు మాత్రం చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటివారి అనువాదాల్లో ముందుగుమ్మంలోంచే ఇంట్లోకి వచ్చాయి. శరత్ తెలుగువాడు కాడంటే మా అమ్మమ్మ నమ్మేది కాదు.

ఈ తొలిదశలో ఒక్క ప్రయోగం మాత్రం నాకెప్పుడూ ఆశ్చర్యమే. 1935లో పాతూరి నాగభూషణం గారి చొరవతో గుంటూరు జిల్లాలో కృష్ణా కాలువల మీద పడవ గ్రంథాలయం నడిచింది. పుస్తకాల పడవ ఊరూరా ఆగుతూ వెళ్లేది. పంచాయతీ అరుగు మగవాళ్లది, పఠనమందిరం మగవాళ్లది. కాలువ రేవు ఆడవాళ్లది. నీళ్లకీ బట్టలకీ వాళ్లు ఎవరి అనుమతీ అడక్కుండా వెళ్లగలిగిన చోటది. పుస్తకం మనిషి దగ్గరికి వెళ్లాలనే ఆలోచనలో, తెలిసి చేసినా తెలియక చేసినా, స్త్రీకి ఒక దారి ఉంది. తర్వాత వచ్చిన భవనాల్లో ఆ దారి లేకుండా పోయింది.

స్వాతంత్ర్యం తర్వాత గ్రంథాలయాలు చట్టాల కిందికి వచ్చాయి. ఆంధ్ర ప్రాంతానికి 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణకు 1955 నాటి హైదరాబాదు చట్టం ఉండేవి. రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం తెచ్చారు. జిల్లాకో గ్రంథాలయ సంస్థ, దానికింద శాఖా గ్రంథాలయాలు, వాటి పోషణకు ఇంటిపన్ను మీద సెస్సు ఏర్పాటయ్యాయి. ఇప్పుడు రూపాయికి 8 పైసలు. ఇది మంచి చట్టమే. ఊరివాళ్ల డబ్బుతో ఊరివాళ్ల గ్రంథాలయం. కానీ ఇల్లు ఎవరిది? పన్ను చీటీ మీద పేరెవరిది? పేరున్నవాడే పౌరుడు, పౌరుడే పాఠకుడు. చట్టం ఎక్కడా స్త్రీని రావద్దనలేదు. అననవసరం లేదు కూడా. ముందుగదిలో పత్రికల బల్ల చుట్టూ ఉన్న కుర్చీలే ఆ పని చేశాయి.

గ్రంథాలయశాస్త్రం చదివినవాళ్లందరికీ రంగనాథన్ గారి 1931 నాటి ఐదు సూత్రాలు కంఠోపాఠం. ప్రతి చదువరికీ తగిన పుస్తకం దొరకాలనీ, ప్రతి పుస్తకానికీ తగిన చదువరి దొరకాలనీ, చదువరి కాలం వృథా కాకూడదనీ అవి చెబుతాయి. ఇంగ్లీషు మూలంలో ఆ చదువరి పుంలింగమే. దాన్ని వ్యాకరణమని వదిలేయవచ్చు. కానీ కాలం గురించిన సూత్రం దగ్గర నేనాగిపోతాను. మా అమ్మకు చదవడానికి దొరికే కాలం మధ్యాహ్నం అంట్లు తోమించి, ఎసరు కుండ బోర్లించిన తర్వాత మొదలై, నాన్న కాఫీవేళకు ముగిసేది. గంటన్నర. శాఖా గ్రంథాలయం తెరిచే వేళలు ఆ గంటన్నరకు ఎప్పుడూ కుదరలేదు. కాబట్టి మధ్యలో ఒక పిల్ల కావలసి వచ్చింది. ఆ రోజుల్లో సంచి పట్టుకుని తిరిగిన ఆడపిల్లలం మేమంతా, ఒకవిధంగా, మా ఊరి పడవ గ్రంథాలయాలం.

ఇక కొత్త నవలల సంగతి. పుస్తకాల కట్ట జిల్లా కేంద్రంనుంచి వచ్చిందంటే ఊళ్లో రెండు వీధులకు ముందే తెలిసిపోయేది. లైబ్రేరియన్ గారు నెంబర్లు వేసి, రబ్బరు స్టాంపు కొట్టి, గడువు చీటీ అంటించేదాకా ఆగాలి. అప్పటికే నాలాంటి పిల్లలం నలుగురం బల్ల ముందు నిలబడి ఉండేవాళ్లం. మా వరస మాకు తెలుసు. ఎవరి అమ్మ తర్వాత ఎవరి అమ్మ చదవాలో ఏ రిజిస్టరులోనూ లేదు, ఇళ్లమధ్యనే నిర్ణయమైపోయేది. ఒక కార్డు మీద తెచ్చిన పుస్తకం పదిహేను రోజుల్లో ఆరేడు ఇళ్లు తిరిగేది. గడువు చీటీ మీద ఒక్క తేదీ ఉంటే, వెనక ఆరేడుగురు చదువరులున్నారని లెక్క. అంత తిరిగాక పుస్తకం చిరగక ఏమవుతుంది?

ఆ చీటీలోని పేర్ల వెనక ఒక పెద్ద మార్పు ఉంది. 1950లలో లత 'గాలిపడగలు నీటిబుడగలు', మాలతీ చందూర్ 'చంపకం చెదపురుగులు' వచ్చాయి. 1957లో 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చిన పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు', ఇందిర వంటి స్త్రీని తెలుగు నవలలోకి తెచ్చింది. 1963లో అది 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా అయింది. దానికి రెండేళ్ల ముందే శ్రీదేవి చనిపోయారు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' అయింది. రంగనాయకమ్మ 'బలిపీఠం', యద్దనపూడి 'సెక్రటరీ' ఆ దశాబ్దానివే. వారపత్రికలు, మాసపత్రికలు రచయిత్రుల ధారావాహికల మీద అమ్ముడుపోయాయి. ఎమెస్కో ఇంటింటా గ్రంథాలయం పథకంతో నవలలు పోస్టులో ఇళ్లకొచ్చాయి. గ్రంథాలయంలో వరస రానివాళ్లు ధారావాహికను వారంవారం చించి, దారంతో కుట్టి బైండు చేయించుకున్నారు. స్త్రీ పేరుంటేనే నవల అమ్ముడుపోతుందని మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాసేదాకా వచ్చింది. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు 'ఇల్లాలి ముచ్చట్లు' రాసింది పురాణం సీత పేరుతోనే. చరిత్ర పొడుగునా పేరు దాచుకుని రాసింది స్త్రీలైతే, ఈ ఒక్క ఇరవైయేళ్లూ ఆ పని మగవాళ్లు చేశారు.

ఈ దశను మన సాహిత్య చరిత్రలు 'రచయిత్రుల యుగం' అంటాయి. అని, వెంటనే కాలక్షేపం అంటాయి. ఊహాలోకం, కార్లూ మేడలూ, ఆరడుగుల అందగాడు అంటాయి. నేనూ అన్నాను. ఎనభైల చివర స్త్రీవాదం నా తలలో కొత్తగా వెలుగుతున్న రోజుల్లో, ఒక సదస్సుకోసం ఈ నవలల మీద పత్రం రాశాను. ఇవి స్త్రీలను పితృస్వామ్యంలో సుఖంగా నిద్రపుచ్చాయని వాదించాను. ఇంటికొచ్చి గర్వంగా అమ్మకు చదివి వినిపించాను. మొత్తం విని, "అయితే నేను చదివిందంతా తప్పంటావా?" అంది. నేను తడుముకున్నాను. తప్పని కాదు గాని, అందులో హీరో చూడు, వాడి డబ్బు చూడు, అని ఏదో మొదలుపెట్టాను. "వాణ్ణెవరు చూశారే. 'సెక్రటరీ'లో జయంతి ఉద్యోగం చేస్తుంది. జీతం తన చేతికే వస్తుంది. నేను చదివింది అది" అంది.

నా పత్రంలో నవల ఉంది, విమర్శ ఉంది, చదువరి మాత్రం లేదు. రచయిత్రి ఏం రాసిందో నేను చదివాను. మా అమ్మ ఏం చదువుకుందో అడగలేదు. మగ విమర్శకులు చేసిన పనినే నేను వేరే మాటలతో చేశాను. ఆ నవలల్లో సర్దుబాటు లేదని నేననడం లేదు. చివరి ప్రకరణంలో అన్నీ మళ్లీ పెళ్లిపీటల దగ్గరకే చేరేవని తెలుసు. కానీ చివరి ప్రకరణానికి ముందు రెండువందల పేజీలున్నాయి. వాటిలో ఒక ఆడపిల్ల ఒంటరిగా బస్సెక్కుతుంది, గది అద్దెకు తీసుకుంటుంది, ఒక మగవాడితో ఎదురుగా నిలబడి వాదిస్తుంది. మా అమ్మ నన్ను హాస్టల్లో ఉంచి చదివిస్తానని నాన్నతో పట్టుబట్టినప్పుడు, ఆ ధైర్యంలో ఎంత పాలు ఈ రెండువందల పేజీలదో నేను కొలవలేను. లేదని మాత్రం ఇప్పుడనలేను.

అన్ని నవలలూ ఆ బీరువాలోకి వచ్చేవని కాదు. రంగనాయకమ్మ 'జానకి విముక్తి' వారపత్రికలో మధ్యలోనే ఆగిపోయి, తర్వాత పుస్తకమైంది. వాసిరెడ్డి సీతాదేవి 'మరీచిక'ను 1982లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది, హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. స్త్రీ రాసింది కాలక్షేపమైనంతకాలం ఎవరికీ అభ్యంతరం లేదు. అది భర్తనో రాజ్యాన్నో ప్రశ్నిస్తే అప్పుడు అందరికీ అది సాహిత్యమేనని గుర్తొస్తుంది. 1987లో ఓల్గా 'స్వేచ్ఛ' వచ్చాక, మా ఊరి గ్రంథాలయంలో దానికోసం నేనే అడిగాను. చాలాకాలం రాలేదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నేను 'అమ్మలు' అంటున్నప్పుడు ఏ అమ్మలు? సంచితో పిల్లను పంపగలిగిన, మధ్యాహ్నం గంటన్నర మిగిలిన, ఇంటిపన్ను కట్టే ఇళ్ల అమ్మలు. ఆ గంటన్నర మా అమ్మకు మిగలడానికి అంట్లు తోమింది ఇంకో అమ్మ. ఆమెకు ఏ పేరుమీదా కార్డు లేదు. ఆమె ఏ నవలలోనూ పనిమనిషిగా తప్ప లేదు. ఆమెలాంటివాళ్ల కూతుళ్లూ మనవరాళ్లూ రాసినవి చదవడానికి 'నల్లపొద్దు' (2003), 'నల్లరేగటి సాల్లు' (2006) సంకలనాలదాకా ఆగాల్సివచ్చింది. మా ఊరి యాక్సెషన్ రిజిస్టరులో ఆ రెండు పేర్లూ నాకు కనిపించలేదు. చిరిగిన పుస్తకాల చరిత్ర ఎంత చెప్పినా, అసలు రాని పుస్తకాల చరిత్ర చెప్పకపోతే అది సగమే.

డెబ్బైల చివరనుంచి గ్రంథాలయం స్థానంలోకి అద్దె పుస్తకాల షాపులు వచ్చాయి. కొంచెం డిపాజిట్, రోజుకింత అద్దె. అక్కడ కొత్త నవల కట్టలకోసం ఆగక్కర్లేదు, విడుదలైన వారానికే దొరికేది. ఎంపిక కమిటీ లేదు, చదువరి అడిగిందే కమిటీ. స్త్రీలు ఆ షాపులకు స్వయంగా వెళ్లారు కూడా. తర్వాత టీవీ వచ్చింది, 1995 తర్వాత తెలుగు శాటిలైట్ చానళ్లు వచ్చాయి. మధ్యాహ్నం గంటన్నర ధారావాహిక పేజీలోంచి తెరమీదకు మారింది. అద్దె షాపులు మూతపడ్డాయి. ఆ పుస్తకాలు పాతపేపర్ల బండెక్కాయి. వాటికి రిమార్కుల గడి కూడా లేదు.

ఇప్పుడు మా ఊరి గ్రంథాలయంలో ఏముంది? చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉన్నదే ఇక్కడా, చిన్న కొలతలో. పోటీపరీక్షలకు చదివే పిల్లలు. ఒకప్పుడు పత్రికల బల్ల ఉన్నచోట ఇప్పుడు వరుసగా కుర్చీలు, వాటిలో సగందాకా ఆడపిల్లలు. పొద్దున్నే టిఫిన్ డబ్బాతో వచ్చి సాయంత్రం మూసేదాకా కూర్చుంటున్నారు. నేను గోడవారగా నడిచిన గదిలో వాళ్లు మధ్యలో కూర్చున్నారు. చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. మా అమ్మ కలగన్నది ఇదే. 'కొత్త పుస్తకాలు' అని బోర్డున్న అల్మారాలో ఉన్నవన్నీ గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల గైడ్లు. వాటిని తక్కువ చేసే హక్కు నాకు లేదు, జీతం తన చేతికి రావాలంటే ఆ పిల్లకు అవే కావాలి. కానీ ఆ అల్మారాలో ఒక్క నవల లేదు. అమ్మ కాలంలో పుస్తకం ఇంటికొచ్చేది గాని మనిషి గ్రంథాలయానికి వెళ్లలేకపోయింది. ఇప్పుడు మనిషి వచ్చి కూర్చుంది, ఆమెకోసం నవల రావడం లేదు.

చదివే కోరిక చచ్చిపోలేదు. విరామంలో ఆ పిల్లలు ఫోన్లలో ధారావాహికలు చదువుతున్నారు. అవి రాసేవాళ్లలోనూ ఎంతోమంది స్త్రీలే. యద్దనపూడి చదువరుల వారసురాళ్లు వీళ్లు. ఇంకోవైపు మనలో చాలామంది సొంత డబ్బుతో ఐదొందలో వెయ్యో కాపీలు అచ్చేసుకుని, స్నేహితులకు పంచి, మిగిలినవి మంచంకింద పెట్టుకుంటున్నారు. ఈ రెండు చోట్లకూ మధ్య ఉండాల్సిన వంతెన శాఖా గ్రంథాలయమే. రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ 1972నుంచీ ఉంది, సెస్సు ఉంది, కొనుగోలుకు నిబంధనలున్నాయి. ఊరి గ్రంథాలయంలో 'కొత్త నవలలు వచ్చాయా' అని అడిగే గొంతు మాత్రం లేదు. అడగనిదాన్ని ఏ కమిటీ కొంటుంది?

అబ్బూరి ఛాయాదేవి గారు గుర్తొస్తారు. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో డిప్యూటీ లైబ్రేరియన్‌గా పనిచేసి 1982లో ఉద్యోగం వదిలేశారు. 2005లో 'తన మార్గం'కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పుస్తకాన్ని నమోదు చేసే చేయీ, పుస్తకం రాసే చేయీ ఒకటే అయిన స్త్రీ ఆమె. మన చరిత్ర రాసుకోవాలంటే అలాంటి రెండుచేతుల పని కావాలి. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ పోరాట స్త్రీలను కూర్చోబెట్టి అడిగి రాసింది. మన అమ్మలు ఏం చదివారో కూడా అడిగితేనే తెలుస్తుంది. అడగడానికి ఇక ఎక్కువ వ్యవధి లేదు. రిజిస్టర్లకూ లేదు. అటకమీదివి తూకానికి వెయ్యడానికి ఒక్క ఆర్డరు చాలు.

నాలుగోరోజు సాయంత్రం లేచేముందు లైబ్రేరియన్ అమ్మాయిని అడిగాను, "కొత్త నవలలేమైనా వచ్చాయా?" అని. నవ్వింది. "ఎవరూ అడగరు మేడం. మీరు పేర్లు రాసివ్వండి, పై ఆఫీసుకు పంపుతాను" అంది. కాగితం అడిగి తీసుకుని పేర్లు రాశాను. ఈసారి రచయిత్రుల పేర్లతో పాటు పుస్తకాల పేర్లు కూడా. రాస్తుంటే పక్క కుర్చీలోంచి గణితం పుస్తకం మూసి ఒక పిల్ల తొంగిచూసింది. "ఇవి వస్తే మాకూ ఇస్తారా?" అని అడిగింది. కార్డు ఉందా అంటే లేదంది. రీడింగ్ రూముకు కార్డు అక్కర్లేదట.

ఆ అమ్మాయి చేత దరఖాస్తు రాయించి, ఆమె పేరు మీదే కార్డు చేయించి వచ్చాను.